ఎదురుచూపు, ఎదురుకోలు

మనుష్యజీవితమునందు మిక్కిలి భాగము నిరీక్షణముతోనే గడచిపోవుచున్నది. రైతు వానకొఱకును, గర్భవతి ప్రసవముకొఱకును, రోగి తెల్లవాఱుటకొఱకును, దూరదేశమున బిడ్డ గల తల్లి యా బిడ్డ రాకకొఱకును ఎదురుచూచుచునే యుందురు. అయినను నిరీక్షణమును మనమొక సద్గుణముగా నెంచుట యరుదు. చేయగలవాడు చేయుననియు, చేయలేనివాడు ఎదురుచూచుననియు మన తలంపు. కోరిన వస్తువు గడియలలో వాకిటికి వచ్చి చేరుచున్న యీ కాలమున నిరీక్షణము కేవలము సొమ్ముచే తొలగించుకొనదగిన యొక యసౌకర్యముగా గనబడుచున్నది. ఇట్టి లోకమున, ఏటేట నాలుగు ఆదివారములపాటు బుద్ధిపూర్వకముగా ఎదురుచూచుటను క్రైస్తవమతము తన జనులకు విధించి యున్నది. ఆ విధిలో గల ధర్మమేమి? అది మనుష్యుని బలపఱచునదా, లేక చేతులు ముడుచుకొని కూర్చుండుట నేర్పునదా? సంస్కారమును గోరువారు, వారే మతమువారైనను, విచారింపదగిన ప్రశ్న యిది.

క్రిస్మసునకు ముందు వచ్చు ఆ కాలమును ఆగమన కాలమందురు. నవంబరు 30వ తేదీకి మిక్కిలి దగ్గఱగా నుండు ఆదివారముతో నిది యారంభమగును. లాటిను భాషలో దీని పేరునకు 'రాక' యని యర్థము. రోమను చక్రవర్తి యొక పట్టణమునకు వేంచేయు మహోత్సవమునకు గూడ పూర్వమా మాటనే వాడెడివారు. చక్రవర్తి వచ్చుచున్నాడనగానే పౌరులు ఊరి వెలుపలికి బోయి యతని నెదుర్కొనెడివారు. క్రైస్తవులా గొప్ప మాటను చక్రవర్తినుండి తీసి, పశువుల తొట్టిలో పరుండబెట్టబడిన యొక శిశువున కిచ్చిరి. ఐదవ శతాబ్దమున గాలు దేశమందలి తూరు నగరపు బిషప్పగు పెర్పెటూసు, నవంబరు 11వ తేదీ మొదలు క్రిస్మసువఱకు వారమునకు మూడు దినములు ఉపవాస ముండవలెనని నియమించెను. కాబట్టి యిది మొదట విందులకాలము కాదు. ఆత్మపరీక్షకై యేర్పడిన కాలము. నేటికిని రోమను కథోలిక సంఘమునందును, ఆంగ్లికను సంఘములలో పెక్కింటియందును గురువులు ఈ దినములలో పశ్చాత్తాపమునకు గుర్తుగా ఊదావన్నె వస్త్రములు ధరింతురు. పండుగ డిసెంబరు 25వ తేదీన మొదలై పండ్రెండు దినములు సాగును.

అంగళ్లవారి పంచాంగము వేఱు. వారి పండుగ నవంబరులోనే మొదలై డిసెంబరు 25వ తేదీ సాయంకాలమునకు ముగిసిపోవును. ఎదురుచూడవలసిన దినములందు విందులు జరుగును; విందు జరుగవలసిన దినములందు దీపము లార్పబడును. దీనికి వర్తకులను నిందించి ప్రయోజనము లేదు. నిరీక్షణమున నేమియు లేదని మనము నమ్మినందుననే, ఆ ఖాళీని వారు సరకులతో నింపుచున్నారు. నిరీక్షణమున నేమి కలదో తెలిసికొనినగాని ఆ ఖాళీ మఱియొక విధముగా నిండదు.

ఇచ్చట మొదటి చిక్కొకటి కలదు. రెండువేల యేండ్ల క్రిందట పుట్టినవాని పుట్టుకకై నేడు ఎదురుచూచుట యెట్లు? జరిగిపోయినదానికై ఎదురుచూచుట నాటకము కాదా? ఆగమన కాలపు మొదటి ఆదివారమున దేవాలయములలో చదువబడు సువార్తభాగమును జూచినచో దీనికి సమాధానము దొరకును. ఆ భాగము శిశువునుగూర్చినది కాదు. లోకమునకు న్యాయము దీర్చుటకై తుదకు రానున్నవానిని గూర్చినది. పండ్రెండవ శతాబ్దమున క్లేర్వో మఠాధిపతియైన బెర్నార్డు ఈ విషయమును మఱింత విశదపఱచెను. క్రీస్తు రాకలు మూడని యాయన బోధించెను. నరుడై వచ్చిన రాక మొదటిది. మహిమతో రానున్నది కడపటిది. ఈ రెంటి నడుమ నేటి మనుష్యుని హృదయమునకు వచ్చు రాక యొకటి కలదు. మొదటిదానిని జ్ఞాపకముంచుకొని, కడపటిదానిని నమ్మి, నడిమిదానికి నేడు తలుపు తెఱచి యుంచుటయే ఆగమన కాలమందలి నిరీక్షణము. కావున నిది నాటకము కాదు. నేటి దినమున మన నడవడి యెట్లుండవలెనను విషయము.

మన భాష యీ విషయమున మనకు మిక్కిలి సాయపడుచున్నది. విశ్వాసము, ప్రేమ యను వానితో గూడ పౌలు చెప్పిన మూడవ గుణమునకు ఆంగ్లమున ఆశయను నర్థమిచ్చు మాట గలదు. ఎదురుచూచుటకు వేఱొక మాట గలదు. తెలుగు బైబిలునందైతే ఆ గుణమునకు 'నిరీక్షణ' యనియే పేరు. ఆశించుటయు ఎదురుచూచుటయు మనకు ఒకే మాటలో నిమిడి యున్నవి. అచ్చతెనుగు మాట యింకను లోతైనది. 'ఎదురుచూచుట' యనగా రానున్న వాని దిక్కునకు మొగము త్రిప్పి నిలుచుట. ఎదురు చూచువాడు తఱి వచ్చినపుడు ఎదురేగును. అతిథి వచ్చుచున్నాడని విని వాకిట నిలుచుట ఎదురుచూపు; నాలుగడుగులు వేసి చేయిపట్టి తోడ్కొనివచ్చుట ఎదురుకోలు. మన పెండ్లిండ్లలో వరుని వారికి జరుగు ఎదురుకోలు ఎఱుగని తెలుగువారుండరు. మత్తయి సువార్తలో యేసు చెప్పిన పదిమంది కన్యకల కథ సరిగా నిదియే. వారు దివిటీలు పట్టుకొని పెండ్లికుమారుని ఎదుర్కొనుటకు పోయిరి, అతడు ఆలస్యము చేసెను, అందఱును నిద్రపోయిరి. ఆ కథలో నిద్రపోవుట తప్పుగా నెంచబడలేదు. అర్ధరాత్రమున కేక వినబడునప్పటికి దివిటీలో నూనె లేకుండుటయే తప్పు. ఎదురుచూచితిమని చెప్పుకొనుటకు పదిమందియు అర్హులే. ఎదురుకోలునకు అయిదుగురే సిద్ధముగా నుండిరి.

ఇక నాక్షేపణమును గూర్చి యాలోచింతము. ఇది చిన్న యాక్షేపణము కాదు. లేనివారిని ఎదురుచూడుమని చెప్పుచు ఉన్నవారు సుఖముగా నుండుట లోకమున చిరకాలమునుండి జరుగుచున్నది. 1844వ సంవత్సరమున కారల్ మార్క్సు మతమును నల్లమందుతో పోల్చినపుడు, బాధను తాళుటకు మాత్రమే తోడ్పడి, బాధకు గారణమైనదానిని దాకని యోదార్పు ఆయన మనస్సున నుండెను. అమెరికాలో నల్లజాతి బానిసలకు యజమానులు వినిపించిన బోధలలో విధేయతయు, పరలోక సుఖమును ప్రధానములై యుండెను. మన దేశమునను పూర్వజన్మ కర్మమని చెప్పి, రానున్న జన్మమును జూపి, ఊరి వెలుపల నుంచబడినవానిని ఊరి వెలుపలనే యుంచుట జరిగినది. పరలోకమైన నేమి, మఱుజన్మమైన నేమి, రానున్న దానిని జూపి నేటి యన్యాయమును నిలబెట్టుట రెండింటను ఒకటియే.

ఈ యాక్షేపణమును క్రైస్తవ బోధకుడే, చెఱసాలలో నుండి, తోడి బోధకులకే వినిపించిన సందర్భ మొకటి కలదు. 1963వ సంవత్సరము ఏప్రిలు నెలలో అమెరికా దక్షిణభాగమందలి బర్మింగుహాము నగరమున వర్ణభేదమునకు విరుద్ధముగా శాంతియుతముగ నూరేగినందులకు మార్టిను లూథరు కింగు చెఱలో నుంచబడెను. ఆ రాష్ట్రమందలి యెనిమిదిమంది శ్వేతజాతి మతగురువులు, ఆ యూరేగింపులు అకాలమున జరిగినవనియు, ఓపిక పట్టవలెననియు బహిరంగముగా ప్రకటించిరి. ఏప్రిలు 16వ తేదీన కింగు చెఱనుండి వారికి వ్రాసిన లేఖ లోకప్రసిద్ధము. తన జాతివారు మూడువందల నలువదియేండ్లకు పైగా ఓపిక పట్టియే యున్నారనియు, ఉన్నవాడు లేనివానితో పలుకు 'ఆగుము' అను మాట తుదకు ఎన్నటికిని లేదన్న మాటగానే పరిణమించుచున్నదనియు, కాలము దానంతట నది యే గాయమును మాన్పజాలదనియు ఆయన దానియందు వాదించెను. ఇట్లు వ్రాసినవాడు నిరీక్షణమును విడిచినవాడు కాడు. అంతకంటె గొప్పగా ఆశించినవారు అరుదు. కాని నిరీక్షణము తనకు తాను విధించుకొనినపుడు ధర్మమగుననియు, దానినే యితరులపై మోపినపుడు అధర్మమగుననియు ఆ లేఖవలన మనకు బోధపడుచున్నది. ఆకలిగొన్నవాడు తన యాకలి నోర్చుకొని దేవుని తట్టు చూచుట ఒకటి. నిండుకడుపుతో నున్నవాడు వానిని ఓర్చుకొమ్మని చెప్పుట మఱియొకటి. రెంటికిని ఒకే పేరుండుటచేత పెక్కు మోసములు జరిగినవి.

బైబిలు గ్రంథమే యీ మోసమునకు లోబడలేదను విషయమును గమనింపవలయును. థెస్సలొనీక పట్టణమందలి సంఘమున కొందఱు పని చేయక, పరుల జోలికి బోవుచు తిరుగసాగిరి. ప్రభువు దినము వచ్చియే యున్నదను తలంపు కూడ ఆ సంఘమును కలతపెట్టుచుండెను. వారికి పౌలు పేర వెలువడిన రెండవ లేఖలో, పని చేయనొల్లనివాడు భోజనము చేయరాదని ఖండితముగా నాజ్ఞ గలదు. అయినను ఆ పొరపాటు లోకమునుండి పోలేదు. 1844వ సంవత్సరమున అమెరికాలో విలియము మిల్లరు అను బోధకుని యనుచరులు, క్రీస్తు అక్టోబరు 22వ తేదీన వచ్చునని లెక్కగట్టి నమ్మిరి. కొందఱు పండిన పైరు కోయక పొలమునందే విడిచిరి. ఆ దినము వచ్చి గడచిపోయెను. వారి భక్తిని పరిహసింపనక్కఱలేదు. వారు నమ్మినదానికై నష్టపడిరి. కాని రాకను గూర్చిన లెక్క తెలిసినదనుకొనిన మనస్సు, నేటి పొలమును విడుచుటకు సిద్ధపడునని వారి కథవలన దెలియుచున్నది. రేపటి తేదీ తెలిసిన వానికి నేడు నిరర్థకమగును. తేదీ తెలియనివాడే ప్రతిదినమును శుభ్రముగా నుంచుకొనును.

మఱి ఎదురుచూచువా డేమి చేయవలెను? ఆగమన కాలపు నడిమి ఆదివారములలో దేవాలయములందు ముఖ్యముగా వినబడునది బాప్తిస్మమిచ్చు యోహాను కంఠము. మార్గము సిద్ధపఱచుడని కేకవేసినవాడాయన. యెషయా ప్రవక్త గ్రంథములో ఆ మార్గమును వర్ణించిన విధము సంస్కారప్రియులు మఱువదగినది కాదు: పల్లములు ఎత్తు కావలెను, కొండలు అణగవలెను, వంకరలు చక్కబడవలెను. ఒకనిని క్రింద నుంచి మఱియొకనిని మీద నుంచిన నేలమీదుగా ఆ వచ్చువాడు రాడని దాని తాత్పర్యము. లూకా సువార్తలో జనులు యోహాను నొద్దకు వచ్చి, తామేమి చేయవలెనని యడిగిరి. ఆయన వారిని అడవికి బొమ్మనలేదు, వ్రతములు చెప్పలేదు. రెండంగీలు గలవాడు లేనివానికి ఒకటి యీయవలెననెను. సుంకరులు నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ వసూలు చేయరాదనెను. సైనికులు బలాత్కారము చేయక, అబద్ధపు నేరములు మోపక, తమ జీతముతో తృప్తి నొందవలెననెను. ఎవని వృత్తిలో వానికి, ఎవని పెట్టెలో నున్న గుడ్డతో వానికి, మార్గము సిద్ధపఱచు పని చూపబడినది.

యాకోబు లేఖయందలి అయిదవ యధ్యాయము ఈ విషయమునే మఱియొక రీతిగా చెప్పుచున్నది. రైతు తొలకరి వానను కడవరి వానను కనిపెట్టి ఓపికతో నున్నట్లు మీరును ఓపిక పట్టుడను బోధ ఆ యధ్యాయములో గలదు. పీడితులను బుజ్జగించుటకు ఆ మాట నెత్తిచూపువారు పెక్కండ్రు. కాని దానికి కొలది పంక్తులకు మీదనే, చేను కోసిన కూలివారికి చెందవలసిన కూలిని బిగబట్టుకొనిన ధనికులపై తీవ్రమైన గర్జన యున్నది. ఆ బిగబట్టిన కూలియే మొఱపెట్టుచున్నదని యాతడనుచున్నాడు. కూలి చెల్లింపుమని ధనికునితో చెప్పిన పిమ్మటనే, ఓపిక పట్టుమని కూలివానితో చెప్పెను. మొదటిమాట మ్రింగి రెండవమాట పలుకువానికి యాకోబు సాక్ష్యము చెల్లదు. ఇక రైతు నిరీక్షణమును జూడుడు. దున్ని, విత్తి, గట్లు వేసిన పిమ్మటనే యాతడు ఆకాశమువంక చూచును. దున్నని పొలమునకు వాన వచ్చినను రాకున్నను ఒకటియే.

గృహస్థులమైన మనకు దీని యర్థము దూరమున లేదు. క్రిస్మసు వచ్చుచున్నదని ఇంటికి సున్నము వేయించుదుము. సున్నము వేసినవానికి కూలి నానాడే యిచ్చితిమా? నక్షత్రమును దీపములతో వాకిట వ్రేలాడదీయుదుము. పాచిపని చేయు స్త్రీ యా దీపముక్రింద కూర్చుండి మనతో సమానముగా భోజనము చేయగలదా? అప్పు దీసికొన్న బీదవాడు మన గుమ్మము దాటి పోవునపుడు తల వంచుకొని పోవుచున్నాడా? ఎదురుచూపు నిజమైనదో కాదో తేల్చునవి ఇవియే. అతిథి వచ్చునపుడు ఇల్లు ఊడ్చుట యందఱికిని తెలియును. ఈ యతిథి చూచు ధూళి చీపురుతో పోవునది కాదు.

కావున నిరీక్షణము సోమరితనము కాదని తేలినది. అయితే సంస్కర్త యిచ్చట మఱియొక ప్రశ్న వేయవచ్చును: చేయవలసినదంతయు మన చేతిలోనే యున్నయెడల, ఎదురుచూచుట యెందులకు? న్యాయమును మనమే స్థాపింతము. రావలసినవా డెవడును లేకున్న నేమి? ఇది ధీరుల ప్రశ్న. దీనికి సమాధానము వాదముకంటె అనుభవమున దొరకును. సంస్కారమునకై జీవితము ధారపోసిన వారిలో కొందఱు కడపట నిరాశ పాలగుటయు, కొందఱు తమ మార్గమున కడ్డువచ్చినవారిపై క్రూరులగుటయు చరిత్రమున కనబడుచున్నవి. లోకమంతయు తన భుజములపైననే యున్నదనుకొనినవాడు, లోకము కదలనపుడు తానైన విఱుగును, లేదా యెదుటివానినైన విఱుచును. తన పని పూర్ణముగా చేసి, ఫలము తన చేతిలో లేదని యెఱిగినవాడే విఱుగక నిలుచును.

జర్మనీ దేశపు బోధకుడు డీట్రిహు బాన్‌హోఫరు ఈ రెంటిని నెఱిగినవాడు. హిట్లరు పాలనను మొదటినుండియు ఎదిర్చి, తుదకు దానిని కూలద్రోయుటకు జరిగిన రహస్యప్రయత్నమున జేరి, ఆయన 1943వ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన పట్టుబడెను. ఆ నవంబరున బెర్లినునందలి టేగెలు చెఱసాలనుండి ఒక మిత్రునికి వ్రాయుచు, చెఱగది ఆగమన కాలమునకు తగిన పోలికయే యని చెప్పెను. ఖైదీ లోపల నేమేమి చేసినను, తలుపు బయటనుండియే తెఱువబడవలయునని దాని భావము. ఇట్లు వ్రాసినవాడు చేతులు ముడుచుకొనినవాడు కాడు. చేయగలిగినదంతయు చేసి, అందువలననే యా గదికి వచ్చినవాడు. 1945వ సంవత్సరము ఏప్రిలు 9వ తేదీన ఆయన ఉరిదీయబడెను. ఆయన గది తలుపు ఆయన కోరినట్లు తెఱువబడలేదు. అయినను నిరీక్షణము వ్యర్థమైనదని ఆయన మిత్రులు తలపలేదు. ఏలయన ఆయన యెదురుచూచినది తన విడుదలకొఱకు మాత్రమే కాదు.

యోహానునకును ఇట్టి పరీక్షయే వచ్చెను. మార్గము సిద్ధపఱచుడని కేకవేసినవాడు హేరోదు చెఱలో బడి, రావలసినవాడవు నీవేనా, లేక మఱియొకనికొఱకు కనిపెట్టవలెనా యని యేసు నడుగుటకై శిష్యులను బంపెను. ఎదురుచూచినవాడే సందేహించుట! మత్తయి యీ సంగతిని దాచలేదు. యేసు కోపగించుకొనలేదు, వాదింపలేదు. గ్రుడ్డివారు చూచుచున్నారు, కుంటివారు నడచుచున్నారు, బీదలకు శుభవార్త చెప్పబడుచున్నది, మీరు చూచినది పోయి చెప్పుడనెను. రావలసినది వచ్చినదో లేదో తెలిసికొనుటకు గుర్తు ఆకాశమున లేదు; బాధపడువాని బాధ తగ్గుటయందున్నది. అయినను యోహాను చెఱ తలుపు మాత్రము తెఱువబడలేదు. తనకు రాని మేలు ఇతరులకు వచ్చుచున్నదని విని తృప్తినొందవలసిన నిరీక్షణము అన్నిటికంటె కఠినమైనది. సంస్కర్తలలో పెక్కండ్రకు అదియే ప్రాప్తించును.

లూకా సువార్తలోని యిద్దఱు వృద్ధులు ఆ నిరీక్షణమునకు సుందరమైన రూపములు. సుమెయోను ఇశ్రాయేలు ఓదార్పుకొఱకు కనిపెట్టినవాడు. శిశువును చేతులలోనికి తీసికొని, ఇక తాను శాంతముగా పోవచ్చుననెను. ఆ శిశువు పెద్దవాడై చేయబోవు పనులను జూచు భాగ్యము ఆయనకు లేదు. ఆరంభమును జూచి సంతసించెను. అన్న యనునామె యేడేండ్లు మాత్రమే భర్తతో కాపురము చేసి, వైధవ్యముతోనే ముసలితనమునకు వచ్చినది. వితంతువు ఎదురువచ్చిన అపశకునమని ప్రయాణము మానుకొనిన దేశము మనది. లూకా యైతే రక్షకుని కెదురుగా వితంతువునే నిలిపెను. విమోచనకై కనిపెట్టుచున్నవారందఱికి ఆ వార్తను చెప్పు పనిని ఆమె కప్పగించెను. రాముని రాకకై ఆశ్రమమును సిద్ధముగ నుంచి, వనమునందు దొరకు ఆహారమును సేకరించి యుంచిన వృద్ధ శబరిని ఎఱిగినవారికి అన్న పరాయిది కాదు. ఇరువురును గొప్పవారి లెక్కలో లేనివారు. గొప్పవారు నిద్రించుచుండగా వీరు మేలుకొని యుండిరి.

ఇతరుల నిరీక్షణమును మన్నించుట యెట్లో నేర్పిన యొక చిన్న ఉదాహరణమును జెప్పెదను. జర్మనీలో హాంబర్గు నగరమున యోహాను హిన్రిహు వీహెర్ను అను సంస్కర్త 1833వ సంవత్సరమున దిక్కులేని పిల్లలకొఱకు ఒక గృహమును స్థాపించెను. క్రిస్మసు ఎప్పుడు వచ్చునని పిల్లలు దినదినము వేధించుచుండగా, 1839వ సంవత్సరమున ఆయన యొక బండిచక్రమును వ్రేలాడదీయించి, దానిపై పనిదినములకు చిన్న క్రొవ్వొత్తులను, ఆదివారములకు పెద్ద క్రొవ్వొత్తులను నాలిగింటిని అమర్చెను. దినమున కొకటి చొప్పున వెలిగించుచుండగా, ఉత్తరదేశపు పొద్దు దినదినము కుఱచయగుచున్న కొలది గదిలో వెలుగు పెరుగుచు వచ్చెను. నేడు అనేక దేశముల దేవాలయములలో కనబడు ఆగమన దీపచక్రమునకు ఇదియే మూలము. వీహెర్ను ఆ పిల్లలను ముందు కనిపెట్టుడని చెప్పి, తరువాత అన్నము పెట్టినవాడు కాడు. ముందు ఇల్లును, అన్నమును, చేతిపనిని ఇచ్చెను. పిమ్మట ఎదురుచూచుట నేర్పెను. ఆకలి తీఱిన బిడ్డకు ఎదురుచూపు ఆనందమగును. ఆకలిగొన్న బిడ్డకు అది శిక్ష.

మన దేశమునను దీనికి సాక్ష్యమొకటి నిలిచియున్నది. మెదకు పట్టణమందలి పెద్ద దేవాలయమును చార్లెసు వాకరు పాస్నెట్టు అను మిషనరీ 1914వ సంవత్సరమున కట్టనారంభించెను. కఱవు దినములలో ఆ కట్టుబడి పని చుట్టుపట్ల బీదజనులకు కూటికి ఆధారమయ్యెను. పదియేండ్ల పిమ్మట, 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసునాడే అది ప్రతిష్ఠింపబడెను. నేడది దక్షిణ ఇండియా సంఘమునకు చెందియున్నది. క్రిస్మసునకు వేలకొలది జనులు అచ్చటికి వచ్చుచుందురు. ఆ గోపురమును జూచి కన్నులు విప్పార్చువారు, దాని రాళ్లను మోసినవారిని గూడ తలచుకొనుట మంచిది. ఆ పదియేండ్లు వారు చేసినదియు నిరీక్షణమే. దినమున కొక రాయి ఎత్తుట, ఆ రాత్రి పిల్లలకింత అన్నము పెట్టుట, గంట మ్రోగు దినము వచ్చునని నమ్ముట. ఈ మూటిలో ఏ యొక్కటి లేకున్నను ఆ కట్టడము లేదు.

ఇంతవఱకు విచారించినదానినిబట్టి, క్రైస్తవ నిరీక్షణమునకు మూడు లక్షణములు కనబడుచున్నవి. అది తన కొఱకు ఓపికయు, పరులకొఱకు తొందరయు గలది. మన కష్టము తీఱుటకు ఆలస్యమైనచో ఓర్చుకొనవచ్చును గాని, మన చేతిలో నున్న పరుని న్యాయమును ఒక దినమైనను ఆలస్యము చేయరాదు. అది పని చేయుచు చూచునది; దివిటీలో నూనె పోసి, పొలము దున్ని, బాట చక్కజేసి చూచునది. అది తాను కోరిన రూపముననే రావలెనని పట్టుబట్టనిది. జనులు రాజుకొఱకు ఎదురుచూచిరి, పసిబిడ్డ వచ్చెను. నగరువైపు చూచిరి, పశువులశాలలో పుట్టెను. మొగము నగరువైపు మాత్రమే త్రిప్పి నిలిచినవారికి ఆ రాక కనబడలేదు. రాత్రివేళ మందను కాచుకొనుచు, తమ పని తాము చేసికొనుచున్న గొల్లలకు కనబడెను.

చదువరులారా! ఈ కాలమున మీ యింట నక్షత్రము వెలుగవచ్చును, వెలుగకపోవచ్చును. క్రీస్తును ప్రభువని నమ్మువారు మీలో కొందఱుందురు, నమ్మనివారు కొందఱుందురు. కాని మనలో ప్రతివాడును ఎవనినో ఒకనిని వాకిట నిలువబెట్టి 'ఇంకను కాలము రాలేదు' అని చెప్పుచునే యున్నాడు. కూలికొఱకు నిలిచినవాడు, చదువుకొఱకు నిలిచిన యాడుబిడ్డ, గౌరవముకొఱకు నిలిచిన తోడి మనుష్యుడు, వీరందఱును మన గుమ్మమువంకనే చూచుచున్నారు. మనము దేవుని రాకకై ఎదురుచూచుచున్నామని యనుకొనుచుండగా, వారు మన రాకకై ఎదురుచూచుచున్నారు. అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి చేసినది తనకే చేసినట్లని యాయన చెప్పియున్నాడు గనుక, ఆ రెండు నిరీక్షణములును వేఱు కావు. లేచి, తలుపు తీసి, వారి కెదురేగుడు.